పెరట్లో వేధశాల: ముందు దక్షిణం చూసుకోవాలి

తిరుపతిలో ఉత్తరం వైపు తిరిగి చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి ఆకాశంలో సుమారు 10 డిగ్రీలను కప్పుతుంది. దిగంతం మీద పిడికిలిన్నర పేర్చితే ధ్రువ నక్షత్రం దగ్గరికి చేరినట్టే. ఏ ఊళ్ళోనైనా ధ్రువుడి ఎత్తు ఆ ఊరి అక్షాంశానికి దాదాపు సమానం. తిరుపతిలో అది 13.6 డిగ్రీలు, చిత్తూరులో 13.2. టెలిస్కోపుకి శాశ్వతంగా ఒక చోటు కట్టుకోవాలనుకునేవాళ్ళు పెరట్లో గడ్డపార దింపే ముందు ఈ ఒక్క అంకెను బాగా అర్థం చేసుకుంటే సగం తప్పులు ముందే తప్పుతాయి.

ఎందుకంటే ఈ విషయం మీద దొరికే సలహాల్లో ఎక్కువ భాగం 40, 50 డిగ్రీల అక్షాంశంలో ఉండేవాళ్ళు రాసినవి. వాళ్ళకు ధ్రువుడు ఆకాశంలో సగం ఎత్తున ఉంటాడు, ఏ ఇంటి కప్పూ అడ్డురాదు. టెలిస్కోపుని తిప్పే ఇరుసుని ధ్రువుడి వైపు గురిపెట్టాలి కూడా. అందుకే ‘ధ్రువుడు కనబడే చోటే ఎంచుకోండి’ అని మొదటి నియమంగా చెబుతారు. ఇక్కడ ఆ మాట పట్టుకుంటే పెరట్లో ఉన్న మంచి చోటుని వదిలి చెడ్డ చోట టెలిస్కోపు నిలిపే దిమ్మె కట్టుకున్నట్టవుతుంది. మన అక్షాంశంలో ధ్రువుడు కనబడకపోయినా పని జరుగుతుంది. దక్షిణం మూసుకుపోతే మాత్రం ఆ నష్టాన్ని ఏ పరికరమూ పూడ్చలేదు.

దక్షిణంలో ఏముందో లెక్క చూద్దాం. ఒక నక్షత్రం మధ్యరేఖ (ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి ఊహించే గీత) దాటేటప్పుడు ఎంత ఎత్తుకి వస్తుందో తెలుసుకోవడం సులువు. క్రాంతి అంటే భూమధ్యరేఖకు సూటిగా పైన ఆకాశంలో ఊహించే గీత నుంచి నక్షత్రం ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో ఆ అంకె. దక్షిణ క్రాంతి ఉన్న నక్షత్రమైతే 90లోంచి మన అక్షాంశాన్నీ, ఆ క్రాంతినీ తీసేస్తే చాలు. అగస్త్య నక్షత్రం క్రాంతి 52.7 డిగ్రీల దక్షిణం కాబట్టి తిరుపతిలో దాని గరిష్ఠ ఎత్తు 23.7 డిగ్రీలు. ఒమేగా సెంటారి గోళాకార నక్షత్ర గుచ్ఛం 29 డిగ్రీలకు వస్తుంది. ఎటా కెరీనా నీహారిక 17 డిగ్రీల లోపే, ఆల్ఫా సెంటారి 15.6. త్రిశంకులో (సదరన్ క్రాస్) పై నక్షత్రం 19 డిగ్రీలు, కింది నక్షత్రం 13.3. అంటే ఉత్తరాన ధ్రువుడు ఎంత ఎత్తులో ఉన్నాడో, దక్షిణాన త్రిశంకు కాలు దాదాపు అంతే ఎత్తుకి వస్తుంది. యూరప్‌లో ఎక్కువ చోట్ల ఉండే పరిశీలకుడికి ఇవి జన్మలో కనబడవు, చూడాలంటే విమానం ఎక్కాలి. ఇక్కడ పెరట్లో కుర్చీ వేసుకుంటే చాలు, మధ్యలో పక్కింటి మిద్దె లేకపోతే.

ఇందులో ఋతువుల పాత్ర కూడా ఉంది. ఈ ప్రాంతంలో నింగి బాగా తెరిపిగా ఉండే కాలం జనవరి నుంచి ఏప్రిల్ దాకా. మే నెలలో సాయంత్రం ఉరుములు మొదలైనా చాలా రాత్రులు దొరుకుతాయి. అగస్త్యుడు జనవరి చివర్లో రాత్రి పదింటి ప్రాంతంలో మధ్యరేఖ మీద ఉంటాడు. ఎటా కెరీనా ఏప్రిల్ మొదట్లో, త్రిశంకు ఏప్రిల్ చివర్లో, ఒమేగా సెంటారి మే నడుమ అదే వేళకి వస్తాయి. దక్షిణ నింగి సంపదంతా సరిగ్గా మనకు మబ్బు లేని నెలల్లోనే వరసగా నడుస్తుంది. ఉత్తరాన నిలిచే శర్మిష్ఠ (కాసియోపియా), దాని పక్కనున్న జంట నక్షత్ర గుచ్ఛాలు రాత్రి పదింటికి మధ్యరేఖకు వచ్చేది నవంబరులో. అది ఈశాన్య ఋతుపవనం, తుపాన్ల కాలం. అప్పుడు తిరుపతిలో నింగి కనబడే రాత్రులు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి.

ఉత్తరాన చూడదగ్గవి కూడా ఇక్కడ ఎత్తులోనే ఉంటాయి. ఆండ్రోమెడా గెలాక్సీ 62 డిగ్రీలు, సప్తర్షి మండలం 42 నుంచి 54, జంట గుచ్ఛాలు 46. బాగా ఉత్తరాన ఉండే ఎం81, ఎం82 గెలాక్సీలు కూడా 34 డిగ్రీలకు వస్తాయి. కాబట్టి ఉత్తరం వైపు 25 డిగ్రీల దాకా ఇల్లో, చెట్టో, కొండో అడ్డుగా ఉన్నా పోయేది దాదాపు ఏమీ లేదు. గ్రహాల సంగతి ఇంకా తేలిక. సూర్యుడూ గ్రహాలూ నడిచే దారి, అంటే క్రాంతి వృత్తం, మన నడినెత్తికి దగ్గరగా సాగుతుంది కాబట్టి గురుడు, శని, కుజుడు మధ్యరేఖ దాటేటప్పుడు ఎప్పుడూ 45 డిగ్రీలకు పైనే ఉంటారు.

చిత్తూరుకి దక్షిణాన, నేరుగా కొలిస్తే సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, జవాది కొండల్లో కావలూరు వేధశాల ఉంది. 1986లో ప్రారంభమైన 2.3 మీటర్ల వేణు బప్పు టెలిస్కోపు అక్కడిదే. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడంతో ఉత్తర, దక్షిణ నింగులు రెండూ అందుతాయనేది ఆ చోటుకున్న పెద్ద బలం. ఆ బలం తిరుపతి, చిత్తూరు పెరళ్ళకూ ఉంది. ఎత్తు, చీకటి మాత్రం మనమే వెతుక్కోవాలి.

కొండ ఎటుంది, ఊరెటుంది

తిరుపతిలో ఉత్తరం అంటే శేషాచలం. కొండ అంచు ఊరికంటే 500 మీటర్లు ఎత్తు అనుకుంటే, ఆ అంచు నుంచి 2 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటికి కొండ 14 డిగ్రీల దాకా లేచి కనబడుతుంది. అంటే ధ్రువుడు కొండ వెనక్కి పోయినట్టే. కిలోమీటరు దూరంలోనైతే 26 డిగ్రీలు, 4 కిలోమీటర్లు పోతే 7 డిగ్రీలు. అలిపిరి, కపిలతీర్థం వైపు ఇళ్ళున్నవాళ్ళు ధ్రువుడి కోసం మెడ చాచే పని పెట్టుకోనక్కర్లేదు.

కొండపాదం ఇళ్ళకు అసలు చిక్కు వేరే ఉంది. వాళ్ళకు ఊరు మొత్తం దక్షిణాన పడుతుంది. వీధి దీపాలు, హోటళ్ళ బోర్డులు, రైల్వే స్టేషను వెలుగు అంతా కలిసి, అగస్త్యుడు నిలవాల్సిన ఎత్తులోనే తెల్లటి పొరగా లేస్తుంది. అదే స్వర్ణముఖి దాటి దక్షిణానికి, రామచంద్రాపురం వైపు పోతే లెక్క తిరగబడుతుంది. ఊరి వెలుగూ, గాలిగోపురం దీపాలూ ఉత్తరాన వీపు వెనక ఉంటాయి, ముందున్న దక్షిణం చీకటిగా దొరుకుతుంది. ఊళ్ళో ఇల్లు, ఊరి బయట చేను రెండూ ఉన్నవాళ్ళు నగరానికి దక్షిణాన ఉన్న చేనునే ఎంచుకోవడం మేలు. నగరానికి ఉత్తరాన అంతే దూరంలో అంతే చీకటి ఉన్నా, ఆ చీకటి పనికిరాని వైపు ఉంటుంది. చిత్తూరుకైనా ఇదే సూత్రం.

నింగి ఎంత చీకటిగా ఉందో తేల్చడానికి పరదేశపు పుస్తకాలు చెప్పే ఒక పద్ధతి ఇక్కడ పనిచేయదు. ధ్రువుడి చుట్టూ ఉండే లఘు ఋక్షంలో ఎన్ని నక్షత్రాలు కనబడుతున్నాయో లెక్కపెట్టమంటారు. మనకు ఆ గుంపు ఎక్కువగా దిగంతం పొగమంచులోనే ఉంటుంది, ఎంత మంచి చోటైనా చెడ్డదిగా తేలుతుంది. దానికి బదులు జనవరి రాత్రి నడినెత్తికి దగ్గరగా వచ్చే కృత్తికలను చూడాలి. ఆరు స్పష్టంగా విడివిడిగా కనబడితే పరవాలేదు. నాలుగైదు కూడా కష్టమైతే అక్కడ గ్రహాలు, చంద్రుడు, జంట నక్షత్రాలకే పరిమితం కావాలి. మే నెలలో అర్ధరాత్రి దాటాక వృశ్చికం దగ్గర పాలపుంత మబ్బులా కనబడితే, ఆ చోటుని ఇంకే కారణంతోనూ వదులుకోకూడదు.

కోణమానిక, దారం, ఒక నట్టు

పెరట్లో రెండు మూడు చోట్లు అనుకున్నాక ఒక్కొక్కదానికి దిగంతం గీత గీయాలి. స్కూలు పిల్లల కోణమానిక ఒకటి చాలు. దాని మధ్య రంధ్రానికి జానెడు దారం కట్టి, చివర ఒక ఇనుప నట్టు వేలాడదీయాలి. చదునైన అంచుని కంటికి ఆనించి, ఎదురుగా ఉన్న గోడ పైఅంచునో చెట్టు చిటారునో గురిచూసి, దారాన్ని వేలితో అదిమి పట్టుకోవాలి. దారం 90 గీత నుంచి ఎంత జరిగిందో అదే ఆ అడ్డు ఎత్తు కోణం. ఒకటి మర్చిపోకూడదు. కంటి ఎత్తు టెలిస్కోపు ఎత్తు కావాలి. రేపు దిమ్మె మీద టెలిస్కోపు నేల నుంచి ఆరడుగుల ఎత్తులో ఉండబోతుంటే, ఈరోజు కుర్చీలో కూర్చుని కొలవడం తప్పు. చిన్న స్టూలెక్కి కొలవాలి.

ఉత్తరం నుంచి మొదలుపెట్టి ప్రతి 10 డిగ్రీలకు ఒక కొలత, మొత్తం 36. దక్షిణాన 150 నుంచి 210 డిగ్రీల మధ్య మాత్రం ప్రతి 5 డిగ్రీలకు తీసుకోవాలి. గళ్ళ కాగితం మీద గీస్తే ఆ చోటుకున్న ఆకాశం కళ్ళకు కడుతుంది. దాని మీదే 13, 17, 24, 29 డిగ్రీల దగ్గర త్రిశంకు కాలు, ఎటా కెరీనా, అగస్త్యుడు, ఒమేగా సెంటారి గుర్తులు పెడితే, ఏ చోటు ఏది పోగొడుతుందో వెంటనే తెలుస్తుంది. పెరట్లో పది అడుగులు అటు జరిగితే పక్కింటి నీళ్ళ ట్యాంకు కొబ్బరిచెట్టు వెనక్కి వెళ్ళి, రెండు అడ్డులూ ఒక్కటైపోవడం తరచూ జరుగుతుంది. గీయకపోతే ఆ సంగతి ఎవరికీ తట్టదు.

కాగితం లేకుండా అంచనా వేయాలంటే ఒక కొండగుర్తు ఉంది. 15 డిగ్రీల పైన అంతా కనబడాలంటే, అడ్డు టెలిస్కోపుకంటే ఎంత ఎత్తుందో దానికి 3.7 రెట్ల దూరం కావాలి. 30 డిగ్రీలు చాలనుకుంటే 1.7 రెట్లు. దక్షిణాన పక్కింటి మిద్దె 24 అడుగులు, టెలిస్కోపు ఆరడుగుల్లో ఉంటే తేడా 18 అడుగులు. 15 డిగ్రీల కోసం 67 అడుగుల దూరం, 30 డిగ్రీల కోసం 31 అడుగులు. ఊళ్ళో స్థలాల్లో మొదటిది దొరకడం కష్టమే. దొరికినంత దక్షిణాన్ని కాపాడుకోవడానికి దిమ్మెను స్థలం ఉత్తరపు అంచుకి జరపాలి. అప్పుడు సొంత పెరడు పొడవంతా దక్షిణాన ఖాళీగా మిగులుతుంది. దక్షిణాన మనదే మామిడిచెట్టు ఉంటే ఏటా కాపు అయ్యాక కొమ్మలు కొట్టించి ఎత్తు అదుపులో పెట్టవచ్చు. కొబ్బరికి ఆ అవకాశం లేదు. అయితే దాని మాను సన్నం, మట్టల గుంపు దాటడానికి నక్షత్రానికి కాసేపే పడుతుంది.

ఉత్తరపు అంచు అనగానే ఇంట్లో వాస్తు మాట వస్తుంది. ఈశాన్యంలో బరువు పెట్టకూడదని, దాన్ని పల్లంగా ఖాళీగా ఉంచాలని చాలా ఇళ్ళల్లో గట్టి పట్టింపు. దాని మీద వాదన పెట్టుకోనవసరం లేదు. వాయవ్య మూల టెలిస్కోపుకి దాదాపు అంతే మంచిది. దక్షిణమూ తూర్పూ తెరిచి ఉంటాయి, పడమర మాత్రం కొంత ప్రహరీకి పోతుంది. పడమర పోయినా నష్టం తక్కువే. సంధ్యవేళ బుధుడు, శుక్రుడు, అప్పుడప్పుడు వచ్చే తోకచుక్కలు తప్ప మిగతావన్నీ తూర్పున లేచి మధ్యరేఖకు వచ్చే లోపే చూసుకోవచ్చు. పడమర 30 డిగ్రీల అడ్డుని సహించవచ్చు, తూర్పున 20కి మించనివ్వకూడదు.

వేడి, తేమ, కంపనం

మిద్దె మీద కట్టుకుంటే ఈ అడ్డుల గొడవే ఉండదు కదా అనిపిస్తుంది. నిజమే, దిగంతం శుభ్రంగా ఉంటుంది. కానీ ఏప్రిల్‌లో పగలు 40 డిగ్రీలు తాగిన కాంక్రీటు స్లాబు అర్ధరాత్రి దాకా ఆ వేడిని కక్కుతూనే ఉంటుంది. గురుడి పట్టీలు పొయ్యి మీద గాలిలోంచి చూసినట్టు ఆడతాయి. కింద ఇంట్లో ఎవరైనా నడిస్తే 200 రెట్ల వృద్ధిలో నక్షత్రం ఎగురుతుంది. స్థలం బొత్తిగా లేనివాళ్ళకు మిద్దె తప్పదు. వాళ్ళు దిమ్మెను స్లాబు నడుమ కాకుండా కింద స్తంభమో, రెండు దూలాలు కలిసే చోటో ఉన్న దగ్గర నిలపాలి, చుట్టూ తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయాలి. పెరడు ఉన్నవాళ్ళు మాత్రం నేలనే నమ్ముకోవాలి. గడ్డి, మొక్కలు ఉన్న మట్టి నేల పొద్దు గుంకిన గంటా గంటన్నరలో చల్లబడుతుంది.

చిత్తూరు వైపు పొలాల్లో నల్లటి పరుపు బండలు కనబడతాయి. దిమ్మెకు ఇంతకంటే గట్టి పునాది ఏముంటుందని బండ మీదే కట్టాలనిపిస్తుంది. మట్టి కింద రెండు మూడు అడుగుల్లో బండ తగిలితే అది వరమే. ఎండకు తెరిచి ఉన్న పెద్ద బండైతే మాత్రం మిద్దెకంటే అన్యాయం, దాని వేడి తెల్లవారుజాము దాకా పోదు. సిమెంటు వాకిలి, ఏసీ బయటి యూనిట్, వంటింటి చిమ్నీ కూడా ఇదే బాపతు. వీటికి కనీసం 30 అడుగుల దూరం, వీలైతే గాలి వచ్చే వైపు ఉండేట్టు చూసుకోవాలి.

గాలి ఆటకు కారణం పెరట్లోనే ఉందా, పై వాతావరణంలో ఉందా అని తేల్చే ఒక పరీక్ష ఉంది. నడినెత్తి దగ్గర ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పట్టి, ఫోకస్ తప్పించి పెద్ద పళ్ళెంలా చేయాలి. అందులో సన్నటి గీతలు చకచకా పరుగెడుతుంటే అది ఎగువ గాలి, మన చేతిలో లేదు. పొగ సుడుల్లా నెమ్మదిగా ఒకే పక్క నుంచి తేలుతూ వస్తుంటే దగ్గర్లో ఏదో వేడి వస్తువు ఉంది. ఏ పక్క నుంచి వస్తోందో చూసి ఆ పక్కన ఏముందో వెతకాలి. టెలిస్కోపు గొట్టమే ఇంకా చల్లబడక అలా కనిపించే అవకాశం ఉంది కనుక, బయట పెట్టిన గంట తర్వాతే ఈ పరీక్ష చేయాలి. అనుకున్న చోట్లన్నింటిలో ఒకే రాత్రి, అరగంట వ్యవధిలో చేస్తేనే పోలిక నిలుస్తుంది.

పల్లం ఇంకో ఉచ్చు. వరి కయ్యల పక్కన, చెరువు కింద, స్వర్ణముఖి ఒడ్డున డిసెంబరు, జనవరి రాత్రుల్లో చల్లగాలి పల్లానికి దిగి నిలిచిపోతుంది. రెండింటికల్లా అద్దం మీద మంచు, మూడింటికి పొగమంచు. నాలుగైదు అడుగులు మెరకలో ఉన్న చోట అదే రాత్రి ఇంకో గంటన్నర పని సాగుతుంది. పల్లానికి వాన నీటి భయం కూడా ఉంది. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులే ఏరులయ్యాయి. ప్రహరీ గోడ మీద పాత నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూసి, షెడ్డు నేలను దానికి ఆరంగుళాలు పైన పెట్టాలి. మరక ఏదీ లేకపోయినా నేల మట్టానికి అడుగున్నర ఎత్తు తప్పనిసరి.

కంపనం పరీక్షకు పళ్ళెంలో నీళ్ళు పోసి అనుకున్న చోట నేల మీద పెట్టాలి. పక్కనే టార్చి పట్టి దాని ప్రతిబింబం గోడ మీదో అట్ట మీదో పడేలా చేస్తే, రోడ్డు మీద లారీ వెళ్ళినప్పుడు, బోరు మోటారు ఆన్ అయినప్పుడు ఆ వెలుగు మచ్చ ఎంత వణుకుతుందో కనబడుతుంది. లారీకి ఒక్క క్షణం వణికితే సర్దుకోవచ్చు. మోటారుకి ఆగకుండా వణుకుతుంటే చోటు మార్చాలి.

దిమ్మె

చోటు ఖాయం చేసే ముందు ఒక గుంత తీసి మట్టి చూడాలి. ఈ జిల్లాల్లో ఎక్కువ చోట్ల ఎర్రమట్టి, దాని కింద గరుసు. ఇది మంచి నేల. చెరువు మాగాణిని పూడ్చి వేసిన లేఅవుట్లలో మాత్రం బంకమన్ను ఉంటుంది. వానకు ఉబ్బి, ఎండకు పగిలి దిమ్మెను ఏటా కొద్దిగా వంచుతుంది. పూడిక మట్టి అయితే అసలు నేల తగిలేదాకా తవ్వాల్సిందే. సెప్టిక్ ట్యాంకుకీ, ఇంకుడు గుంతకీ పది అడుగుల లోపు దిమ్మె వద్దు. వేప, రావి లాంటి చెట్ల వేళ్ళకూ దూరంగా ఉండాలి.

పది అంగుళాల టెలిస్కోపు దాకా 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గుంత సరిపోతుంది. 27 ఘనపుటడుగుల కాంక్రీటుకి, ఒకటికి ఒకటిన్నరకి మూడు పాళ్ళలో, సుమారు 6 బస్తాల సిమెంటు, 12 ఘనపుటడుగుల ఇసుక, 23 ఘనపుటడుగుల 20 మిల్లీమీటర్ల జల్లి పడతాయి. పైన ఆరంగుళాల ఇనుప గొట్టం, గోడ మందం 5 మిల్లీమీటర్లకు తగ్గకుండా, నాలుగు 16 మిల్లీమీటర్ల జె-బోల్టులతో బిగించాలి. గొట్టంలో ఎండిన ఇసుక నింపితే తట్టినప్పుడు మోగదు, కంపనం త్వరగా చస్తుంది. దిమ్మెకూ షెడ్డు నేలకూ మధ్య చుట్టూ అంగుళం సందు వదిలి థర్మోకోల్ పెట్టాలి. మేస్త్రీలు ఈ సందుని తప్పు అనుకుని సిమెంటు పూసేస్తారు. అక్కడే నిలబడి చూసుకోవాల్సిన పని ఇది. ఆ పూత పడితే నేల మీద అడుగు వేసిన ప్రతిసారీ నక్షత్రం కదులుతుంది, తర్వాత ఉలితో కొట్టించాలి.

గొట్టం ఆరంగుళాలే ఎందుకంటే, 13 డిగ్రీల అక్షాంశంలో ఈక్వటోరియల్ మౌంట్ (నక్షత్రాల వెంట టెలిస్కోపుని తిప్పే ఆధారం) ధ్రువాక్షం, అంటే ధ్రువుడి వైపు గురిపెట్టే ఇరుసు, దాదాపు పడుకున్నట్టు ఉంటుంది. ప్రతిభారం కడ్డీ నిటారుగా కిందికి వేలాడి దిమ్మెకు చాలా దగ్గరగా తిరుగుతుంది. దిమ్మె పైభాగం లావుగా ఉంటే భారం దానికి కొట్టుకుంటుంది, మోటారు గేర్లు దెబ్బతింటాయి. పరదేశపు ఫోటోల్లో కనిపించే అడుగున్నర కాంక్రీటు స్తంభాలను చూసి ఇక్కడ కట్టిస్తే జరిగేది ఇదే. మౌంట్ కింద 8 అంగుళాల సన్నటి పొడిగింపు పెడితే ఇంకా నిశ్చింత. మౌంట్ కొనేటప్పుడే దాని అక్షాంశ మర 13 డిగ్రీలకు దిగుతుందో లేదో అడగాలి, కొన్ని 20 దగ్గరే ఆగిపోతాయి.

ధ్రువుడు కనబడనప్పుడు ఆ అక్షాన్ని ధ్రువం వైపు అమర్చేది ఎలా? శాశ్వత దిమ్మె మీద ఇది ఒక్కసారి పని. మధ్యరేఖ దగ్గర, ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సూటిగా పైన ఆకాశంలో ఊహించే గీత) చేరువలో ఉన్న నక్షత్రాన్ని, అంటే మనకు దక్షిణాన 76 డిగ్రీల ఎత్తులో ఉండేదాన్ని, గీతల ఐపీస్‌లో పెట్టి పది నిమిషాలు చూడాలి. అది దక్షిణానికి జారితే అక్షం తూర్పుకి ఎక్కువ తిరిగి ఉంది, ఉత్తరానికి జారితే పడమరకి. తర్వాత తూర్పున 25 డిగ్రీల ఎత్తులో ఉన్న నక్షత్రం తీసుకోవాలి. దక్షిణానికి జారితే అక్షం కిందికి ఉంది, ఉత్తరానికి జారితే పైకి. రెండు రాత్రులు ఓపికగా చేస్తే చాలు. కెమెరా వాడేవాళ్ళకు నీనా సాఫ్ట్‌వేర్‌లోని మూడు బిందువుల పద్ధతి ఉంది, ఆకాశంలో ఏ మూలనైనా పనిచేస్తుంది.

బోల్టులు పాతే ముందు ఉత్తరం సుమారుగానైనా తెలియాలి, ఎందుకంటే మౌంట్ మరలు అటూ ఇటూ కొన్ని డిగ్రీలే తిరుగుతాయి. ఇనుప కడ్డీలు, గేటు దగ్గర ఫోన్ దిక్సూచి తప్పు చూపిస్తుంది. నీడ అలా చూపదు. తిరుపతి రేఖాంశం 79.4, మన గడియారం 82.5కి నడుస్తుంది కాబట్టి, డిసెంబరు 25న సూర్యుడు మధ్యరేఖ దాటేది 12 గంటల 12 నిమిషాలకు. చిత్తూరులో ఇంకో నిమిషం పైచిలుకు ఆలస్యం. ఆ క్షణంలో నిలువు కర్ర నీడ సరిగ్గా ఉత్తరానికి పడుతుంది. మీటరు కర్రకు 75 సెంటీమీటర్ల నీడ. ఎండాకాలంలో ఇది చేయకూడదు. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. పైగా నడినెత్తి దగ్గర సూర్యుడు దిక్కు చాలా వేగంగా మారుస్తాడు. జూన్‌లో ఒక్క నిమిషం తేడాకు దాదాపు ఒకటిన్నర డిగ్రీ తప్పు వస్తే, డిసెంబరులో అర డిగ్రీ కూడా రాదు.

కప్పు ఎటు జరగాలి

పది అడుగుల చదరం షెడ్డు అంటే 100 చదరపుటడుగులు. మన 36 అడుగుల అంకణం లెక్కన మూడు అంకణాలకు కాస్త తక్కువ. జరిగే కప్పు పెట్టుకుంటే అది ఆగడానికి ఇంకో మూడంకణాలు కావాలి, స్థలం చూసేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఈ రెండో సగాన్నే. కప్పుని ఉత్తరానికే జరపాలి. గోడలు అయిదడుగులు, టెలిస్కోపు అక్షం కూడా అంతే ఎత్తులో పెడితే దక్షిణాన 10 డిగ్రీల దాకా గోడ అడ్డురాదు. ఉత్తరాన ఆగిన కప్పు 25, 26 డిగ్రీల దాకా మూస్తుంది, పైన లెక్కించినట్టు ఆ భాగంలో కోల్పోయేది లేదు. నగరం ఉత్తరాన ఉన్నవాళ్ళకు ఆ కప్పే వీధి దీపానికి తెర కూడా.

స్లైడింగ్ గేట్లకు వాడే నాలుగంగుళాల గాడి చక్రాలు, బోర్లించిన యాంగిల్ పట్టా ఏ వెల్డింగ్ షాపులోనైనా దొరుకుతాయి. కప్పుకి నాలుగు మూలలా గట్టి గొలుసు బిగింపులు ఉండాలి. తుపాను గాలి రేకుని కింద నుంచి లేపుతుంది, పై నుంచి నొక్కదు. కొండ పక్క ఇళ్ళల్లో కోతులు రేకుల మీద ఎగురుతాయి, వైర్లు లాగుతాయి. కేబుల్ ఏదీ బయట వేలాడకూడదు. చిరుత తిరుగుతుందనే మాట ఉన్న తోటల్లో ఒంటరిగా అర్ధరాత్రి పని పెట్టుకోకూడదు, షెడ్డు ఇంటికి పిలుపు దూరంలో ఉండాలి.

ఆ దూరం కరెంటు విషయంలోనూ తేలాలి. ఇంట్లోంచి 12 వోల్టులు లాగితే, 25 మీటర్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 5 ఆంపియర్లకు దాదాపు 1.8 వోల్టులు దారిలోనే పోతాయి. మౌంట్ మధ్యలో ఆగిపోయి, కారణం తెలియక తల పట్టుకునేది ఇక్కడే. 230 వోల్టులే నేల కింద గొట్టంలో తీసుకెళ్ళి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) పెట్టి, అడాప్టర్ షెడ్డులో ఉంచాలి. డేటా తీగకు వేరే గొట్టం, రెండింట్లోనూ ఒక్కో నైలాన్ తాడు వదిలిపెట్టాలి. ఉరుముల రోజుల్లో ప్లగ్గులు పీకేయాలి.

ఇవన్నీ కలిపితే ఏడాది పని. డిసెంబరు 25న నీడ గీత గీసి రెండు మేకులు దిగగొట్టాలి. జనవరి నుంచి మే దాకా అనుకున్న చోట్లలో కుర్చీ వేసి, ప్రతి చోటునీ కనీసం ఆరేడు రాత్రులు చూడాలి. జూన్‌లో తవ్వి, జూలైలో కాంక్రీటు పోసి, 28 రోజులు గట్టిపడనివ్వాలి. సెప్టెంబరుకల్లా షెడ్డు, కప్పు లేస్తాయి. అప్పుడే మౌంట్ ఎక్కించాలని చెయ్యి దురద పెడుతుంది, ఎక్కించకూడదు. అక్టోబరు, నవంబరు వానలన్నీ ఖాళీ షెడ్డు మీద పడనివ్వాలి. ఏ మేకు దగ్గర కారుతోంది, నేల మీద నీళ్ళు ఎటు పారుతున్నాయి, దిమ్మె చుట్టూ సందులో తేమ నిలుస్తోందా అన్నది సుద్దముక్కతో గుర్తుపెట్టుకుని, కారిన చోటల్లా సీలెంట్ పూయించి, డిసెంబరు చివర్లో మౌంట్ బిగించాలి. అగస్త్యుడు అప్పటికి అర్ధరాత్రి వేళ దక్షిణాన మధ్యరేఖ మీద ఉంటాడు.